కేబుల్ పీకేశాం, మూడున్నర నెలలకు మళ్లీ పెట్టించుకున్నాం

మా వీధి కేబుల్ గురించి రాస్తున్నాను. మేముండేది అనంతపురం పాతూరులో. కేబుల్ వాళ్ల పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఇందులో తిట్లు కాస్త ఎక్కువే ఉంటాయి, రేపు వైరు తెగితే నేను ఫోన్ చేయాల్సింది మళ్లీ వాళ్లకే. మార్కులు వేయమంటే ఐదుకు మూడు వేస్తాను. మా మామ ఐదుకు ఐదు వేస్తాడు. మా అబ్బాయిని అడగడం దండగ, వాడు తొమ్మిదో తరగతి, ఫోన్ తప్ప వేరే తెర ఉందన్న సంగతే వాడికి గుర్తుండదు.

అసలు పీకేయడం ఎందుకొచ్చిందంటే, పోయిన వినాయక చవితి నిమజ్జనం. మా వీధిలో విగ్రహాన్ని ప్రతి ఏడూ ఒక అడుగు పెంచుతూ పోతున్నారు, వీధి పైన వైర్లు మాత్రం అదే ఎత్తులో ఉంటాయి కదా. ట్రాక్టరు మీద ఇద్దరు పిల్లలు పొడుగాటి కట్టె పట్టుకుని కరెంటు తీగలకు దూరంగా కేబుల్ వైర్లను పైకి ఎత్తుతూ పోతుంటారు, ఆ పని భలే జాగ్రత్తగా చేస్తారు కూడా, కానీ మా ఇంటి ముందుకొచ్చేసరికి తీన్మారు మొదలైంది, కట్టె పట్టుకున్నోడు ఎగరడం మొదలుపెట్టాడు, మా వైరు స్వామితో పాటే వెళ్లిపోయింది. సరే, దేవుడి పని, ఎవర్నీ ఏమీ అనలేం. కానీ ఆఫీసుకు ఫోన్ చేస్తే "వస్తాండాం మేడమ్" అన్నారు. మర్నాడు చేస్తే "దారిలో ఉన్నారు" అన్నారు. ఐదు రోజులు దారిలోనే ఉన్నారు. పాతూరు నుంచి టవర్ క్లాక్ దాకా నడిచిపోయినా అంతసేపు పట్టదు. ఆ ఐదు రోజులూ మా అత్త వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, వీధిలో నిచ్చెన కనబడితే చాలు "వచ్చినారా?" అని లేచేది. వచ్చింది సున్నం వేసేవాళ్లు.

అప్పుడే మా ఆయన తేల్చేశాడు, ఇంక కేబుల్ వద్దు, వైఫై ఎలాగూ ఉంది, స్మార్ట్ టీవీ కొనేద్దాం అని. దానికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. దసరా ముందు కదా, సుభాష్ రోడ్డులో ఏ షాపు ముందు చూసినా అదే బోర్డు. ఆ వారంలోనే 43 అంగుళాల టీవీ మా ఇంటికొచ్చింది. గోడకు తగిలించాక బొమ్మ నిజంగా బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పాత టీవీని, దాని నెత్తిన ఉండే కేబుల్ పెట్టెను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాం. నెలకు 320 రూపాయలు మిగిలాయని మా ఆయన లెక్కేశాడు. ఆ తర్వాత నాలుగు యాప్‌లకు కట్టిన డబ్బు లెక్క ఎవరూ వేయలేదు.

మొదటి దెబ్బ ఆ ఆదివారమే తగిలింది. సెప్టెంబర్ 28, ఆసియా కప్ ఫైనల్, పాకిస్తాన్‌తో. మేమంతా కొత్త టీవీ ముందు కూర్చున్నాం, బొరుగులు కలిపి పెట్టుకున్నాం, పక్కింటి వాళ్లది కేబులే. పాకిస్తాన్ 146కి ఆలౌట్ అయిందా, మనవాళ్లు మొదట్లోనే టపటపా మూడు వికెట్లు పోగొట్టుకున్నారా, మన తెలుగు పిల్లోడు తిలక్ వర్మ నిలబడ్డాడా, అంతవరకూ బాగానే ఉంది. కానీ మా టీవీలో బౌలరు ఇంకా పరుగు మొదలుపెట్టకముందే పక్కింట్లోంచి "ఓయ్!" అని అరుపు వస్తోంది. యాప్‌లో వచ్చే మ్యాచ్ కేబుల్ కంటే చాలా సెకన్లు వెనక ఉంటుందని ఆ రోజే తెలిసింది మాకు. చివరి ఓవర్లో పది పరుగులు కావాలి. తిలక్ సిక్స్ కొట్టాడని మాకు గోడ అవతల నుంచి తెలిసింది. రింకూ సింగ్ ఆడిన ఒకే ఒక్క బంతిని ఫోర్ కొట్టి గెలిపించాడని కూడా గోడే చెప్పింది, ఆ తర్వాత వీధిలో టపాకాయలు పేలాయి, అవన్నీ అయ్యాక మా టీవీలో రింకూ తీరిగ్గా బ్యాటు ఊపాడు. మా ఆయన చప్పట్లు కొట్టాలా వద్దా అన్నట్టు చూశాడు. మామ అయితే లేచి పక్కింటికి వెళ్లిపోయాడు, అప్పటికే.

మామ సంగతి విడిగా చెప్పాలి. ఆయనది తాడిపత్రి, డెబ్బై నాలుగేళ్లు, చూపు కాస్త తగ్గింది గానీ మాట తగ్గలేదు. ఆయన టీవీ ముందుకు రాగానే వేసే ప్రశ్న ఒకటే: "ఏమొస్తాందిరా?" కేబుల్ ఉన్నన్నాళ్లూ ఆ ప్రశ్నకు ఎప్పుడూ ఏదో ఒక జవాబు ఉండేది. న్యూస్ వస్తాంది, పాత సినిమా వస్తాంది, వంటల ప్రోగ్రాం వస్తాంది. కొత్త టీవీ వచ్చాక అదే ప్రశ్న అడిగితే మా అబ్బాయి "ఏమీ రాదు జేజినాయనా, నీకేం కావాలో చెప్పు, పెడతా" అన్నాడు. "ఏమొస్తాందో చెప్తే కదరా నాకేం కావాలో చెప్పేది" అన్నాడు మామ. ఈ వాదన మా ఇంట్లో మూడున్నర నెలలు నడిచింది. మనవడు చెప్పేది నిజమే, ఆ టీవీలో దేశంలో ఉన్న సినిమాలన్నీ ఉన్నాయి. మామ చెప్పేది కూడా నిజమే, అందులో ఏమీ రావడం లేదు. మనం పోయి తెచ్చుకోవాలి. ఆయన పుట్టినప్పటి నుంచి సినిమాకు టాకీసుకు పోవడం తెలుసు, సినిమా ఇంటికి రావడం తెలుసు, ఇంట్లో కూర్చుని సినిమాను పిలవడం మాత్రం తెలియదు. రిమోట్లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడమని చెప్తే ఒకసారి నొక్కి "ఎవరూ?" అన్నాడు. అది ఆ పేరుతో ఏదో హిందీ పాట వెతికిపెట్టింది.

మామకు మాయాబజార్ ప్రాణం. తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రే, అంటే మామ లెక్కలో అది వాళ్లింటి సినిమా. 1957లో వచ్చింది, మామ కంటే నాలుగైదేళ్లే చిన్నది. 2010లో రంగులేసి మళ్లీ విడుదల చేస్తే చూడనే లేదు, "ఘటోత్కచుడికి రంగెందుకు, ఆ మీసం చాలదా" అన్నాడట. యాప్‌లో అది దొరికింది, పెట్టాం. పది నిమిషాలు చూశాడు. తర్వాత "ఆపు, మళ్లీ చూస్తా" అన్నాడు. ఆ మళ్లీ రాలేదు. ఎప్పుడంటే అప్పుడు దొరికే వస్తువు కాబట్టి ఎప్పుడూ చూడలేదు, ఇదేం లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అదే కేబుల్లో ఆదివారం పూట అనుకోకుండా తగిలిందంటే ఇల్లంతా పిలుస్తాడు, స్నానం చేస్తున్నవాడిని కూడా తలుపు కొట్టి మరీ "ప్రియదర్శిని పెట్టె వచ్చింది, రారా" అంటాడు. శశిరేఖ పెట్టె మూత తీస్తే ఎవరికి ఎవరంటే ఇష్టమో వాళ్లు అందులో కనబడతారే, ఆ సీను. "టీవీని మావాడు అప్పుడే చూపించినాడు" అనేది మామ మాట. నేను కోడలిగా వచ్చి పదహారేళ్లు, ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

అత్తది వేరే గొడవ. ఆమెది రాయదుర్గం, అంటే సగం తెలుగు సగం కన్నడం, సీరియళ్లు రెండు భాషల్లోనూ కావాలి. కేబుల్ ఉన్నప్పుడు ఆమె పద్ధతి ఎలా ఉండేదంటే, ఏడున్నరకు రెండు చానళ్లలో రెండు సీరియళ్లు, దీనికి యాడ్ వస్తే దానికి, దానికి యాడ్ వస్తే దీనికి, రెండింటి కథా ఒక్క ముక్క జారకుండా పట్టుకునేది. నేను ఇంజనీరింగ్ చదివి ఆ పని చేయలేను. యాప్‌లోకి మారాక మొదటి రోజు ఒక ఎపిసోడు పెట్టాను. యాడ్లు లేవు, ఇరవై ఒకటో ఇరవై రెండో నిమిషాలకు అయిపోయింది. అత్త నా వైపు చూసి "ఇంతేనా? మిగతాది ఏం చేసినారు?" అంది. మిగతాది సబ్బులూ గోధుమ పిండీ అత్తా అని చెప్పినా నమ్మలేదు, నేనేదో కోసేసి పెట్టానని అనుమానం. ఇంకో చిక్కేమిటంటే ఆ చానల్‌కు ఒక యాప్, ఈ చానల్‌కు ఇంకో యాప్, కన్నడం దానికి మరొకటి, ప్రతిదానికీ వేరే పాస్‌వర్డు. ఒక యాప్‌లో అయితే సాయంత్రం టీవీలో రావాల్సిన ఎపిసోడు పొద్దున్నే పెట్టేస్తారు, డబ్బు కట్టినవాళ్లకు. అత్త కాఫీ తాగుతూ దాన్ని చూసేసి, అలవాటు కొద్దీ రాయదుర్గంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి కథంతా చెప్పేసింది. ఆమె సాయంత్రం దాకా దాని కోసం ఎదురు చూసే మనిషి. వారం రోజులు మాటలు లేవు అక్కాచెల్లెళ్లకు. మా చిన్నత్త నాకు ఫోన్ చేసి, "మీరు మీ టీవీ తీసుకుపోయి పెన్నలో పారేయండి" అంది.

సంక్రాంతికి మామ నోరు తెరిచి అడిగాడు. ఆయన ఇంతవరకూ తనకని ఏమీ అడిగినవాడు కాదు. భోగి రోజు పొద్దున అటక మీంచి కేబుల్ పెట్టె దిగింది.

కేబులబ్బాయి గురించి మంచిగా రాయాలి, ఎందుకంటే ఆఫీసు వేరు, అతను వేరు. పండగ పూట అని కూడా అనుకోకుండా పదకొండుకల్లా వచ్చాడు, భుజాన చుట్టిన నల్ల వైరు, జేబులో కట్టరు, నోట్లో రెండు క్లిప్పులు. "ఏమక్కా, మళ్లీ మా దగ్గరికే వచ్చినారా" అని నవ్వాడు. మాతో పాటు మా వీధిలో ఇంకో మూడు ఇళ్లు తిరిగొచ్చాయట, అన్నింటికీ కారణం పెద్దవాళ్లేనట. పాత వైరు కొన తుప్పు పట్టిందని కొత్త కనెక్టరు వేశాడు, మేడ మీద చెట్టుకొమ్మ రాసుకునే చోట పైపు తొడిగాడు. రెండు వందలు తీసుకున్నాడు, అత్త ఇచ్చిన ఓళిగలు రెండు కాగితంలో చుట్టుకుని తీసుకుపోయాడు. మామ రిమోట్ మీద 1, 2, 3 నంబర్లు ఏ చానళ్లో ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి టీవీ కింద అంటించి పోయాడు, అడగకుండానే. ఇలాంటిది ఏ యాప్ చేస్తుంది చెప్పండి.

ఇప్పుడు తిట్లు. బిల్లు నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2019లో ట్రాయ్, అంటే ఫోన్లకూ టీవీ చానళ్లకూ రూల్స్ పెట్టే కేంద్రం సంస్థ, కొత్త పద్ధతి తెచ్చినప్పుడు ఎవరికి కావలసిన చానల్‌కు వాళ్లే డబ్బు కట్టొచ్చు, ఖర్చు తగ్గుతుంది అన్నారు. వంద చానళ్లకు 130 రూపాయలు, జీఎస్టీతో కలిపి 153 రూపాయల 40 పైసలు, దాని మీద కావలసిన పే చానళ్లకు విడిగా. మా మామ ఆ రోజు నోటుపుస్తకం తీసుకుని కూర్చుని లెక్కేశాడు, విడివిడిగా ఏరుకుంటే ప్యాకు కంటే ఎక్కువైంది. దాంతో అందరం మళ్లీ వాళ్లిచ్చిన ప్యాకులోకే వెళ్లాం. తర్వాత ఆ 130కి రెండు వందల చానళ్లన్నారు, 2024లో ఆ 130 పరిమితి కూడా ఎత్తేశారు, కేబుల్ వాళ్లు ఎవరికి తోచినంత వాళ్లు పెట్టుకోవచ్చు. ఇప్పుడు మాది 320, కన్నడ చానళ్లకు ఇంకో 60. ప్యాకులో రెండు వందలకు పైగా చానళ్లున్నాయి, మా అబ్బాయి ఒక సెలవు రోజు కూర్చుని లెక్కపెడితే మా ఇంట్లో చూసేవి పదకొండు తేలాయి. మిగతావన్నీ ఎవరి కోసమో. అందులో ఒకదాంట్లో రోజంతా ఒక మనిషి నగలు అమ్ముతుంటాడు.

రీచార్జ్ అయితే పరమ చిరాకు. ముందు కార్డు ఉండేది, ఐదో తారీఖు తర్వాత అబ్బాయి వచ్చి డబ్బు తీసుకుని కార్డులో సంతకం పెట్టేవాడు, పది రోజులు లేటైనా ఏమీ అనేవాడు కాదు. ఇప్పుడు ఫోన్‌లో కట్టాలి, గడువు రోజు రాత్రి పన్నెండు కొట్టగానే బొమ్మ పోతుంది. గుర్తుచేసే మెసేజ్ మా మామ పాత నంబరుకు పోతోందట, ఆ సిమ్ము పోయి ఆరేళ్లయింది. నంబరు మార్చమని మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ "మార్చేసినాం మేడమ్" అన్నారు. పోయిన నెల అత్త సీరియల్లో పెళ్లి తాళి దాకా వచ్చిన రోజు పొద్దున లేచి చూస్తే బొమ్మ లేదు, డబ్బు కట్టాక తిరిగి రావడానికి మధ్యాహ్నం అయింది, అది కూడా పెట్టెను ఆపి మళ్లీ వేసి, గంటసేపు ఒకే చానల్లో ఉంచితే.

ఇంకోటి, వాన. అనంతపురంలో వాన పడేదే తక్కువ, పడిన రోజు సంతోషపడాలి కదా, మాకు మాత్రం బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. పాత కేబుల్లో సిగ్నల్ తగ్గితే చీమలు పారేవి, చీమల మధ్యలోనైనా మనిషి కనబడేవాడు, మాట వినబడేది. ఈ డిజిటల్లో ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే పూర్తిగా పోతుంది, మధ్యలో హీరోయిన్ ముఖంలో సగం ఒకచోట సగం ఒకచోట ఆగిపోయి ఉంటుంది, చిన్నపిల్లలు చూస్తే జడుసుకుంటారు.

రిమోట్లు రెండు. ఒకటి టీవీది, ఒకటి పెట్టెది. అత్త పొరపాటున టీవీ రిమోట్లో సోర్స్ బటన్ నొక్కేస్తే తెర నీలంగా అయి "నో సిగ్నల్" అని తిరుగుతుంది, అప్పుడు నేను ఆఫీసులో ఉన్నా సరే ఫోన్ వస్తుంది. ఇప్పుడు ఆ బటన్ మీద బొట్టుబిళ్ల అంటించాం. ఎర్రది. పని చేస్తోంది.

యాడ్ల గురించి రాయకపోతే ఇది టీవీ మీద రివ్యూనే కాదు. గంటకు పన్నెండు నిమిషాలకు మించి వేయకూడదని రూలుంది, పది బయటి యాడ్లు, రెండు వాళ్ల సొంత డప్పు. మా అబ్బాయి ఒక ఆదివారం సినిమాకు ఫోన్‌లో టైం పెట్టి చూస్తే ఒక గంటలో పదిహేడు వచ్చింది. రెండున్నర గంటల సినిమా మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలైతే టీ తాగే వేళకు కూడా విలన్ బతికే ఉంటాడు. కానీ ఒక మాట, ఆ యాడ్ల మధ్యలోనే నా పనులన్నీ అవుతాయి. ఒక బ్రేకులో బియ్యం కడుగుతాను, ఇంకో బ్రేకులో బజ్జీల పిండి కలుపుతాను, మూడో బ్రేకులో ఉగ్గాణికి తిరగమోత వేస్తాను. యాప్‌లో సినిమా ఆపుకోవచ్చు కదా అంటారు, ఆపితే అందరూ లేచిపోతారు, తిరిగి కూర్చోబెట్టడం నా వల్ల కాదు. 2005లో వచ్చిన "అతడు" లాంటి సినిమా టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో, ప్రతిసారీ మధ్యలోంచే చూస్తాం, ప్రతిసారీ అక్కడి నుంచి చివరిదాకా చూస్తాం. యాప్‌లో దాన్ని మొదటి నుంచి పెట్టుకుని చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. మధ్యలోంచి చూసే సుఖం అందులో లేదు మరి.

అన్నట్టు, సినిమాల్లో మా సీమ వాళ్లను చూపించే తీరు మీద మామకు ఉన్న కోపం ఇక్కడ చెప్పకపోతే నన్నడుగుతాడు. సుమోలు వరసగా వస్తే చాలు, వేటకొడవలి కనబడకముందే చానల్ మార్చేస్తాడు. "మన ఊర్లో శెనక్కాయ పంట పోయినోడిని ఒక్కడినన్నా చూపించినారా?" అంటాడు. విలన్ "ఏమప్పా" అంటూ మధ్యలో కోస్తా యాస కలిపేస్తే మాత్రం మార్చడు, చివరిదాకా కూర్చుని నవ్వుతాడు.

లోకల్ చానల్ ఒకటి ఉంది, కేబుల్ వాళ్లదే. దీని కోసమే ఇంకో అరమార్కు ఇవ్వాలనిపిస్తుంది. బొమ్మ నాణ్యత ఘోరం, యాంకరమ్మ చదివే వార్తలో ఎక్కడ ఆపుతుందో ఆమెకే తెలియదు, పట్టుచీరల షాపు యాడ్‌లో నాలుగేళ్లుగా అదే పెళ్లికూతురు, పాపం ఈపాటికి ఇద్దరు పిల్లలు ఉండి ఉంటారు. కానీ కింద పారే స్క్రోలింగు చూడాలి. ఫలానా వీధిలో ఇల్లు అద్దెకు, వెజిటేరియన్లకు మాత్రమే. నల్లమేక తప్పిపోయింది, చెవికి కత్తిరింపు గుర్తు ఉంది. పైపు పని ఉన్నందున రేపు, ఎల్లుండి నీళ్లు రావు. ఈ మూడోది చూసుకోకపోవడం వల్ల యాప్‌ల కాలంలో మేం రెండుసార్లు ట్యాంకరు తెప్పించుకున్నాం, వీధంతా ముందురోజే డ్రమ్ములు నింపుకుని కూర్చుంటే మాకు మాత్రం తెలియలేదు. ట్యాంకర్ల డబ్బు కూడా మా ఆయన మిగిల్చిన 320 లెక్కలో కలపాలి. కదిరి నరసింహస్వామి తేరు నాడు ఆ జనంలోకి పోలేని అత్త ఈ చానల్లోనే చూస్తుంది, తేరు కదిలినప్పుడు అక్కడి జనం తేరు మీద చల్లినట్టే ఇంట్లో నాలుగు మిరియాలు తీసి టీవీ మీద చల్లుతుంది. ఆ కొత్త 43 అంగుళాల టీవీ మీదే. మా ఆయన నోరు మెదపడు.

చివరికి కరెంటు సంగతి. మాకు ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినా టీవీ ఆడుతుంది. కానీ చాలాసార్లు టీవీ వెలుగుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం పోతుంది. ఇదేం రోగమో అర్థం కాక కేబులబ్బాయిని అడిగితే చెప్పాడు. వాళ్ల ఆఫీసు నుంచి వచ్చే సిగ్నల్‌కు బలం తగ్గుతుంది కాబట్టి మధ్యలో యాంప్లిఫయర్లు పెడతారట, అవి ఆ దగ్గర్లోని ఎవరింటి కరెంటుతోనో నడుస్తాయట. మా వరసకు ఉన్నది వెనకవీధిలో టైలరు మేడ మీద ఉంది. వాళ్లకు కరెంటు పోతే మాకు బొమ్మ పోయినట్టే, మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఏం, జనరేటర్ ఉంటే ఏం.

పోయిన నెల ఒక ఆదివారం సరిగ్గా మాయాబజార్ వేశారు. ఉగ్గాణి పళ్లెంలో పెట్టాను, అందరినీ పిలిచాడు మామ, సరిగ్గా ఆ పెట్టె మూత తెరిచే వేళకు తెర నల్లబడింది. కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే "ఏరియాలో కరెంటు లేదు సార్" అన్నారు. మామ కాసేపు కూర్చున్నాడు, తర్వాత చెప్పులేసుకుని, మా అబ్బాయిని తోడు పట్టుకుని వెనకవీధికి పోయాడు. ఆ టైలరుకు కూడా ఇన్వర్టర్ ఉందట, రెండు మిషన్లకూ ఫ్యానుకూ పెట్టుకున్నాడు. మామ అడిగింది ఒక్కటే, ఆ యాంప్లిఫయర్ ప్లగ్గు దానికి మార్చమని, కావాలంటే నెలకు యాభై రూపాయలు ఇస్తానని. ఆయన డబ్బు వద్దన్నాడట. కేబులబ్బాయి వచ్చి వైరు మార్చి పోయాడు, మర్నాడు అత్త ఓళిగలు పంపింది.

ఇప్పుడు కరెంటు పోయినా మా వరసలో ఇన్వర్టరున్న నాలుగైదు ఇళ్లకు బొమ్మ పోవడం లేదు, ఎందుకో చాలామందికి తెలియదు కూడా. టైలరు ఇంట్లో మాత్రం టీవీ లేదు, పోయిన ఏడు చెడిపోతే మళ్లీ కొనలేదట. సాయంత్రం అంగడి కట్టేసి మా వీధిలోంచి పోతూ కిటికీ దగ్గర ఆగుతాడు. "ఏమొస్తాంది పెద్దాయనా?" అంటాడు. మామ రిమోట్ పక్కన పెట్టి, ఏమొస్తాందో మొదటి నుంచి చెప్తాడు.